నేలమీద పక్షిపిల్ల కనిపిస్తే ముందు దూరంగా నిలబడి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఉగాది దాటిన దగ్గర నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా మన వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఒకే రకమైన సంఘటన దాదాపు ప్రతి వీధిలోనూ జరుగుతూ ఉంటుంది. ప్రహరీ గోడ పక్కనో, నిలిపి ఉంచిన స్కూటర్ కిందో, తులసి గద్దె దగ్గరో ఒక పక్షిపిల్ల ఎగరలేక కూర్చుని కనిపిస్తుంది. దయగల ఇంటివాళ్ళు దాన్ని ఎత్తి చెప్పుల డబ్బాలో పెడతారు, దూదితో పాలు పడతారు, అన్నం మెతుకులు నోట్లో కుక్కుతారు. రెండో రోజో మూడో రోజో అది చనిపోతే పిల్లలతో పాటు పెద్దవాళ్ళూ కంటతడి పెట్టుకుంటారు. దయ ఉండి కూడా ప్రాణం తీస్తున్న ఈ అలవాటు గురించి, మన ఇళ్ళ చుట్టూ బతికే పిట్టలు, ఉడుతలు, తొండలు, పాముల జోలికి ఎప్పుడు పోవాలో, ఎప్పుడు పోకూడదో అన్న దాని గురించి మీ పత్రిక ద్వారా తోటి పాఠకులతో నాలుగు మాటలు పంచుకోదలిచాను. బడిలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, వేసవి వచ్చిందంటే వీధిలోని పిల్లలు అట్టపెట్టెలు పట్టుకుని ఇప్పటికీ మా ఇంటికే వస్తారు.

ముందుగా గమనించవలసింది ఏమిటంటే, నేలమీద కనిపించిన ప్రతి పిల్లా గూట్లోంచి జారిపడినది కాదు. పికిలిపిట్టలు, గోరింకలు, కాకులు వంటి చాలా పక్షుల పిల్లలు ఎగరడం పూర్తిగా రాకముందే గూడు విడిచి దిగుతాయి. అప్పటికి వాటి ఒళ్ళంతా ఈకలు వచ్చి ఉంటాయి కానీ తోక ఇంకా మొండిగానే ఉంటుంది, నోటి మూలల్లో లేత అంచు స్పష్టంగా కనిపిస్తుంది, గంతులు వేస్తూ పొదల చాటున తిరుగుతాయి. అన్నీ గూట్లోనే ఉంటే పామో పిల్లో వచ్చినప్పుడు ఒక్కటీ మిగలదు కనుక, తొందరగా దిగి తలో దిక్కున చెదిరిపోవడమే వాటికి క్షేమం. తల్లీ తండ్రీ ఆ చుట్టుపక్కలే ఉండి, ఒక్కో పిల్ల దగ్గరికి వెళ్ళి మేత పెడుతుంటాయి.

మా పెరట్లో మధుమాలతి తీగ దట్టంగా అల్లుకున్న చోట పికిలిపిట్టలు గూడు కడుతుంటాయి. ఎండు పుల్లలు, సన్నని వేళ్ళు, సాలెపురుగు దారాలు కలిపి అల్లిన ఆ గూట్లో లేత గులాబీ రంగు మీద ఎర్రని మచ్చలున్న రెండు మూడు గుడ్లు ఉంటాయి. సుమారు రెండు వారాలు పొదిగితే పిల్లలు వస్తాయి, మరో రెండు వారాలు తిరగకముందే అవి గూడు దిగుతాయి. అలా దిగిన పిల్ల ఒకటి నల్లా దగ్గర గచ్చు మీద కూర్చుని ఉన్నప్పుడు, తల్లి ఎదురుగా బట్టల తీగ మీద వాలి, ముక్కున మిడతను పట్టుకుని, తోక కింది ఎర్రని ఈకలు కనిపించేలా తోక ఆడిస్తూ కూర్చోవడం చూశాను. నేను గడపలో నిలబడినంతసేపూ అది కిందికి దిగలేదు. తలుపు దగ్గరగా వేసి కిటికీ సందులోంచి చూస్తే, అటూ ఇటూ రెండు మూడుసార్లు తల తిప్పి గచ్చు మీద వాలింది. పిల్ల రెక్కలు అల్లల్లాడిస్తూ నోరంతా తెరిచింది, మిడత లోపలికి పోయింది, తల్లి మళ్ళీ తీగ మీదికి ఎగిరిపోయింది. అంతా కలిపి కళ్ళు మూసి తెరిచేంతసేపు కూడా పట్టలేదు.

మనలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. పిల్ల చుట్టూ మూగి, తల్లి వస్తుందేమోనని చూస్తూ నిలబడతాం. మనం నిలబడి ఉన్నాం కనుకనే తల్లి రాదు. రాలేదు కనుక వదిలేసి పోయిందని తేల్చి, పిల్లను ఇంట్లోకి తీసుకుపోతాం. సాయంత్రం దాకా తల్లి ఆ చోటనే అరుస్తూ తిరుగుతుంది, ఆ అరుపు ఎందుకో ఇంట్లో వాళ్ళకు తెలియదు. కాబట్టి ఈకలు వచ్చిన పిల్ల కనిపిస్తే వదిలేయడమే సరైన పని. రోడ్డు మీద ఉంటేనో, కుక్కలూ పిల్లులూ తిరిగే చోట ఉంటేనో, మెల్లగా రెండు చేతులతో ఎత్తి దగ్గరలోని పొదలోనో తక్కువ ఎత్తున్న కొమ్మ మీదనో పెట్టి, కనీసం గంటసేపు అటువైపు పోకుండా ఉండాలి. ఈకలు లేకుండా, కళ్ళు తెరవకుండా ఎర్రగా ఉన్న పసికూన దొరికితే మాత్రం అది నిజంగా పడిపోయినదే. గూడు చేతికి అందితే తిరిగి అందులోనే పెట్టాలి. గూడు చెదిరిపోయి ఉంటే చిన్న వెదురు బుట్టలో ఎండు గడ్డి పరిచి, అదే చెట్టుకు, అదే కొమ్మకు కట్టి అందులో ఉంచవచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్ళీ ముట్టదని మన పెద్దలు చెప్పేవారు. ఆ మాట నిజం కాదు. నిజమని నమ్మి, తిరిగి గూట్లో పెట్టగలిగిన పిల్లలను కూడా పెట్టకుండా చేజార్చుకున్న ఇళ్ళు నాకు చాలా తెలుసు.

నీళ్ళు పట్టడం గురించి మరీ గట్టిగా చెప్పాలి. పక్షులకు గాలి గొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. మనం చెంచాతోనో దూదితోనో పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గూటి పిల్లలకు కావలసిన నీరు అవి తినే పురుగుల్లోనే ఉంటుంది. పాలు ఏ పక్షికీ అరగవు. రొట్టె, మిక్చర్, ఉప్పు కలిసిన అన్నం కూడా పనికిరావు.

మే నెలలో కాకులు మనుషుల తల మీద తన్నడం మరొక సంగతి. కాకి తల మీద తన్నితే శని పట్టిందనీ, ఇంటికి కీడు జరుగుతుందనీ భయపడి గుడికి పోయి నువ్వుల నూనె దీపం పెట్టి వచ్చేవారు మా కాలనీలోనే ఉన్నారు. వారి నమ్మకాన్ని నేను తక్కువ చేయడం లేదు. దీపం పెట్టి వచ్చిన తరువాత ఇంటి ముందున్న వేప చెట్టును ఒకసారి తలెత్తి చూడమని మాత్రం అడుగుతున్నాను. పైన గూడో, కింద పిల్లో తప్పకుండా ఉంటుంది. పిల్ల ఎగిరిపోగానే కాకి తన్నడం మానేస్తుంది. అంతవరకు గొడుగు వేసుకుని నడిస్తే చాలు, గూడును కర్రతో పొడిచి పడేయవలసిన అవసరం లేదు. పైగా ఆ గూట్లో పెరుగుతున్నది కాకి పిల్లే కాకపోవచ్చు. కోకిల తన గుడ్లు కాకి గూట్లోనే పెడుతుందని అందరం చదువుకున్నదే కదా, మనకు తెల్లవారుజామున వినిపించే ఆ కూత కాకి గూళ్ళు నిలిచి ఉంటేనే ఉంటుంది.

ఉడుత పిల్లల విషయంలోనూ ఇదే పద్ధతి. గాలిదుమారానికి గూడు పడిపోతే తల్లి ఉడుత ఒక్కో పిల్లను నోట కరుచుకుని వేరే చోటికి మార్చుకుంటుంది. చెట్టు మొదట్లో నీడన, చీమలు పట్టకుండా ఒక చిన్న పెట్టెలో పిల్లలను ఉంచి దూరంగా తొలగితే, పగటిపూట కొన్ని గంటల్లో అది తీసుకుపోయే అవకాశం ఎక్కువ. తల్లి రాకపోతేనే మనం కలగజేసుకోవాలి.

ఇక చెయ్యి వేయవలసిన సందర్భాలూ ఉన్నాయి. రామగుండం, మంచిర్యాల, పెద్దపల్లి వైపు ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో గద్దలు, పావురాలు సొమ్మసిల్లి బంగ్లాల మీద పడిపోతుంటాయి. పక్షులకు చెమట గ్రంథులు లేవు, ఎక్కువగా నోరు తెరిచి రొప్పడం ద్వారా ఒంటి వేడిని బయటికి పంపుతాయి. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి కొమ్మ మీద కూర్చున్న పక్షి తన అవస్థ తాను పడుతున్నట్టు, దాని జోలికి పోనక్కరలేదు. నేలమీద పడి, దగ్గరికి వెళ్ళినా కదలని పక్షికే సాయం కావాలి. మెత్తని పాత బట్ట కప్పి ఎత్తాలి, గద్దను ఎత్తేటప్పుడు ముక్కు కంటే కాలిగోళ్ళతోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. గాలి ఆడేలా రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి, మూత వేసి, చీకటిగా చప్పుడు లేని చోట పెట్టి, వెడల్పు మూకుడులో కాసిన్ని నీళ్ళు ఉంచితే చాలు. గడియకోసారి మూత తీసి చూడటం, పిల్లలకు చూపించడం, ఫోటోలు తీయడం దాన్ని ఇంకా బెదరగొడతాయి. అద్దాల కిటికీలకు కొట్టుకుని పడిన పక్షులకు కూడా ఇదే చికిత్స. చాలావరకు కొంతసేపటికి తేరుకుంటాయి, బయటికి తెచ్చి మూత తీస్తే వాటంతట అవే ఎగిరిపోతాయి. హనుమకొండలో కొత్తగా వస్తున్న దుకాణ సముదాయాలన్నీ ముందువైపు నిలువెత్తు అద్దాలతోనే కడుతున్నారు. అందులో కనిపించే చెట్టూ ఆకాశమూ నిజమనుకుని పక్షులు వచ్చి కొట్టుకుంటాయి. అద్దానికి బయటివైపు దగ్గర దగ్గరగా చుక్కలో గీతలో ఉన్న కాగితం అంటిస్తే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది.

ఇలా పక్షులను ముట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలన్నది మరువరాదు. ఒకే చోట చాలా పక్షులు చచ్చి పడి ఉంటే అసలు ముట్టుకోకుండా పశువుల దవాఖానకు తెలియజేయాలి. బర్డ్ ఫ్లూ మన చుట్టుపక్కల కోళ్ళఫారాల దాకా వచ్చిన విషయం 2025లో అందరం చూశాం.

వేసవిలో నీళ్ళ గిన్నెలు పెట్టే అలవాటు ఊళ్ళో పెరగడం ఎంతో సంతోషకరం. అయితే లోతైన ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్ళు పోసి ఎండలో పెడితే పిట్టలు తాగలేవు, చిన్నవి జారి మునిగిపోతాయి. రెండంగుళాలకు మించని లోతున్న మట్టి మూకుడు, మధ్యలో ఒక రాయి, పైన నీడ, పిల్లి దాక్కోవడానికి పక్కన చాటు లేకపోవడం, ఇవి చూసుకోవాలి. నీళ్ళు రోజూ పారబోసి కొత్తవి పోయాలి, ఎందుకంటే నిలవ నీటిలో దోమ గుడ్డు పెద్ద దోమగా మారడానికి వారం పది రోజులు చాలు.

సంక్రాంతి పతంగుల దారం గురించి ప్రతి జనవరిలోనూ వార్తలు వస్తాయి కనుక ఎక్కువ రాయను. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అయినా పండుగ ముందు గల్లీల్లో దొరుకుతూనే ఉంది. పండుగ అయిపోయిన నెలల తరువాత కూడా చెట్లకు చిక్కుకున్న దారం కొంగలను, గబ్బిలాలను, గుడ్లగూబలను కోస్తూనే ఉంటుంది. అలా వేలాడుతున్న పక్షిని పట్టి లాగకూడదు. దారాన్ని రెండు వైపులా కత్తిరించి, రెక్కకు చుట్టుకున్న ముక్కను విప్పే పని పశువైద్యుడికి వదిలేయాలి.

మన పాలపిట్ట గురించి కొంచెం విడిగా చెప్పాలి. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. దసరా నాడు జమ్మి పూజకు ఊరి పొలిమేర దాటి, పాలపిట్టను చూసి, జమ్మి ఆకును బంగారమని పంచుకుని పెద్దల కాళ్ళకు మొక్కడం మన పల్లెల్లో తరతరాల ఆచారం. పక్షి ఎగురుతుండగా, రెక్కల నీలం ఎండలో మెరుస్తుండగా చూడటమే ఆ ఆచారంలోని అందం. అయితే ఊళ్ళు పెరిగి పొలాలు దూరమయ్యే కొద్దీ, పాలపిట్టలను పట్టి, రెక్కలు కత్తిరించి, కాళ్ళకు దారం కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బులు తీసుకునే పద్ధతి పుట్టింది. పది రూపాయలు ఇచ్చి దండం పెట్టుకునే వాళ్ళ భక్తిని నేను శంకించను. కానీ రెక్కలు కత్తిరించిన పక్షిని పండుగ మరునాడు వదిలేసినా అది బతకదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం నేరం. రామచిలుకలను పంజరంలో పెంచడం కూడా ఇదే చట్టం కింద నేరమని చాలామందికి ఇప్పటికీ తెలియదు. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికలో 942 జాతులను పరిశీలించగా, బాగా తగ్గుతున్న వాటిలో పాలపిట్ట ఒకటని తేలింది. దీనికి మన జిల్లాలలో కారణాలు వెతకడానికి దూరం పోనక్కరలేదు. అది మిడతలు, కీచురాళ్ళు, పేడపురుగులు తిని బతుకుతుంది, మనం పత్తి చేలలో వరుసగా మందులు కొడతాం. అది ఎండిన తాటి మొద్దు తొర్రలో గుడ్లు పెడుతుంది, ఎండిన తాటిచెట్టు పనికిరాదని మనం కొట్టేస్తాం. పొలం గట్టున తల విరిగిన తాటి మొద్దు ఒకటి నిలిచి ఉంటే రైతుకు వచ్చే నష్టమేమీ లేదు. ఆ తొర్రలో పెరిగే పాలపిట్టలు తినేది ఆ చేలోని పురుగులనే.

పిచ్చుకల సంగతి అందరూ రాస్తున్నదే. పెంకుటిళ్ళు పోయి స్లాబులు వచ్చాక వాటికి గూడు పెట్టుకునే సందు లేకుండా పోయింది. ఎనుమాముల మార్కెట్ యార్డులో గింజలు దొరికినంత మాత్రాన వాటి పిల్లలు పెరగవు, పుట్టిన తొలి రోజుల్లో వాటికి మెత్తని పురుగులే మేత. చెక్క గూళ్ళు కట్టేవారు రంధ్రం అంగుళంబావు కంటే పెద్దది పెట్టకుండా, ఎండ తగలని గోడకు కడితే ఫలితం ఉంటుంది.

ఇంటి పెరట్లో కనిపించే ప్రాణుల్లో అన్యాయంగా ఎక్కువ దెబ్బలు తినేవి తొండ, జెర్రిపోతు. మగ తొండ మెడ ఎర్రబడితే అది నెత్తురు పీలుస్తుందని పిల్లలు రాళ్ళతో కొడతారు. జతకట్టే కాలంలో దానికి ఆ రంగు వస్తుంది, అది తినేది చీమలను, పురుగులను. జెర్రిపోతుకు విషం లేదు, ధాన్యం ఉన్న ఇంట్లో ఎలుకలకు దానిని మించిన శత్రువు లేదు. అయితే పొడుగ్గా, వేగంగా పోతుంది కనుక దాన్ని చూసి నాగుపాము అనుకుని చంపేవారు ఎక్కువ. మన ప్రాంతంలో ప్రాణం మీదికి తెచ్చేవి ప్రధానంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు. ఏ పామైనా సరే, అది ఏదని తేల్చుకోవడానికి దగ్గరికి పోకుండా, దూరం నుంచి కనిపెట్టి ఉండి పాములు పట్టడం తెలిసినవారిని పిలవాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం మాని, కదలకుండా ఉంచి నేరుగా ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోవాలి.

మంచి మనసుతో చేసిన పనే ప్రాణం తీయగలదనడానికి మన ఉత్తర తెలంగాణలోనే పెద్ద ఉదాహరణ ఉంది. రైతులు తమ పశువుల నొప్పి తగ్గాలని వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి, దేశంలో రాబందులు దాదాపు లేకుండా పోయే స్థితికి తెచ్చింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. కుమురం భీం జిల్లా బెజ్జూరు అడవుల్లో, ప్రాణహిత, పెద్దవాగు కలిసే చోటనున్న పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టుకున్నట్టు తెలిసినప్పుడు అటవీ శాఖ వాటి రక్షణకు పూనుకోవడం మనమంతా గర్వించవలసిన విషయం. ఆ రైతుల్లో ఎవరికీ రాబందు మీద పగ లేదు, తెలియక జరిగింది.

ఈ కారణం చేతనే మన జిల్లాల అధికారులకు కొన్ని విన్నపాలు చేస్తున్నాను. గాయపడిన పక్షిని పట్టుకుని ఎక్కడికి పోవాలో హనుమకొండలో సామాన్యుడికి తెలియదు. ఒకచోటికి వెళితే ఇది మా పని కాదంటారు, మరోచోట సెలవంటారు, ఈ లోపల సాయంత్రమవుతుంది. హంటర్ రోడ్డులోని కాకతీయ జంతు ప్రదర్శనశాల ఆవరణలోనో, జిల్లా పశువైద్యశాలలోనో గాయపడిన వన్యప్రాణులను తీసుకునేందుకు ఒక గది, ఒక ఫోన్ నంబరు, వేసవి నెలల్లోనైనా ఆదివారాలు కూడా అందుబాటులో ఉండే ఒక మనిషి ఉంటే ఎంతో మేలు. వానాకాలానికి ముందు తీగలకు తగిలే కొమ్మలను కొట్టడం తప్పనిసరే. కానీ ఆ పని సరిగ్గా గూళ్ళ కాలంలోనే జరుగుతోంది. గత వేసవిలో మా పక్క రోడ్డులో ఒక పెద్ద చెట్టును మొదలంటా నరికినప్పుడు కాకి గూళ్ళూ ఉడుత గూళ్ళూ తారు రోడ్డు మీద పడి ఉండటం చూసి పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఈ పనిని చలికాలంలోనే ముగించడం, అలా వీలుకాని చోట గూడున్న కొమ్మను మాత్రం పిల్లలు ఎగిరేదాకా వదిలేయమని కూలీలకు చెప్పడం అధికారులకు ఖర్చుతో కూడిన పని కాదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఏటా ఫిబ్రవరి చివర్లో పక్షిపిల్ల కనిపిస్తే ఏమి చేయాలో నాలుగు వాక్యాల్లో, దసరాకు వారం ముందు పాలపిట్టను పట్టడం నేరమన్న సంగతిని, సంక్రాంతికి ముందు మాంజా నిషేధాన్ని, అటవీ శాఖ జిల్లా కార్యాలయం ఫోన్ నంబరుతో సహా జిల్లా పేజీలో అచ్చువేయగలరు. బడుల్లో ఉపాధ్యాయులు దాన్ని కత్తిరించి నోటీసు బోర్డు మీద అంటించుకుంటారు. నేను బోధించిన బడిలో ఆ పని చేసే బాధ్యత నేనే తీసుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హనుమకొండ